ఒడ్డున కాళ్ళ చప్పుడు

తెల్లవారి అయిదున్నరకు పేరమ్మ వాకిట్లో కూర్చుని చిన్న చిన్న నెత్తళ్ళ చేపలు ఏరుతోంది. నిగనిగలాడేవి ఒక బుట్టలోకి, నలిగినవి ఇంకో బుట్టలోకి, అనుమానం ఉన్నవి మోకాలి పక్కకి. వాకాడు సంతలో ఇరవై ఏళ్ళుగా చేపలమ్ముతున్న మనిషి ఆమె. చేప కన్ను చూసి అది నీళ్ళు వదిలి ఎంతసేపయిందో చెప్పగలదు. మనుషుల విషయంలోనూ అదే పద్ధతి. మాటను వినేది, కంటిని నమ్మేది. కానీ మూడు నెలలుగా సొంత కూతురి కళ్ళలోకి చూసే ధైర్యం మాత్రం ఆమెకు చాలడం లేదు.

పక్కింటి మగ్దలీనమ్మ బయట పొయ్యి మీద టీ నీళ్ళు పెట్టి, కొంగు బిగించుకుంటూ పలకరించింది.

"పేరమ్మక్కా, మా ఆయనా మావాడూ తెల్లారుజామునే పోయినారు. కానగంతలు పడితే ముందు నీకే చెప్తా."

"పడినాక చెప్పు మగ్దలీనా. నీళ్ళలో ఈదే చేపకు ఇప్పుడే బేరమా?" అంది పేరమ్మ.

"నీ దగ్గర నవ్వుకు గూడా బేరమే గదక్కా!" అంటూ మగ్దలీనమ్మ నవ్వింది.

ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. సముద్రం ఒడ్డున, తడి ఇసక మీద కాళ్ళ చప్పుడు. నడక కాదు, పరుగు. మంచులో మనిషి కనపడటం లేదు. చప్పుడు మాత్రం పాలెం వైపే వస్తోంది.

ఆ పాలెంలో వీధుల్లో పిల్లలు పరిగెత్తవచ్చు, సరుగుడు తోటలో పరిగెత్తవచ్చు. ఒడ్డున మాత్రం ఎవరూ పరిగెత్తరు. సముద్రంలో బోటు తిరగబడితే బతికి బయటపడ్డవాడు కబురు మోసుకుని ఒడ్డు వెంబడి పరిగెత్తుతాడు. తాతల నాటి నుంచి ఆ ఊరికి చావు కబురు వచ్చిన దారి అదొక్కటే. ఫోన్లు వచ్చినా తడిసిన ఫోను మోగదు గదా! అందుకే ఆడుకుంటూ ఒడ్డున పరిగెత్తిన పిల్లలకు కూడా వీపు మీద దెబ్బ పడుతుంది.

టీ గిన్నె బోర్లాపడింది. మగ్దలీనమ్మ చెప్పులు కూడా లేకుండా ఒడ్డుకు పరుగు తీసింది. "ఎవురు సామీ? ఎవురి బిడ్డ? చెప్పండ్రా!" అని ఆమె అరుస్తుంటే ఒక్కో తలుపూ తెరుచుకుంది. ఆడవాళ్ళందరూ గుండెలు పట్టుకుని బయటికొచ్చారు. పేరమ్మ మాత్రం లేవలేకపోయింది. మూడు నెలల కిందట ఇలాంటి చప్పుడే వచ్చింది. అప్పుడు వచ్చినవాడు ఆమె కొడుకుతో ఒకే బోటులో పోయిన చెంగయ్య. వచ్చి ఆగింది ఈ గుమ్మంలోనే. "పెద్దమ్మా, ముఖేషు..." అని ఆ మాట పూర్తి చేయలేక ఇసకలో పడిపోయాడు.

మంచులోంచి మనిషి బయటపడింది. చెంగయ్య కాదు. ట్రాకు ప్యాంటు వేసుకుని, జడ నడినెత్తిన ముడేసుకున్న పదహారేళ్ళ పిల్ల. పేరమ్మ కూతురు సుభాషిణి. తోటలో ఆడవాళ్ళతో పుల్లలకని రోజూ చెప్పి పోయే పిల్ల.

"ఎవురికేమయింది పాపా?" మగ్దలీనమ్మ ఆ పిల్ల భుజాలు పట్టుకుని ఊపేసింది.

"ఎవరికీ ఏం కాలేదత్తా. నేను... ఊరికే పరిగెత్తతా ఉండా."

"ఊరికేనా?" మగ్దలీనమ్మ చెయ్యి లేచింది. చెంప ఛెళ్ళుమంది. "ఊరికే పరిగెత్తేదానికి నా పానాలు తోడేసినావు గదే!" అంటూ కొట్టిన చేత్తోనే ఆ పిల్లను పొట్టకు హత్తుకుని, అక్కడే ఇసకలో కూలబడి భోరుమంది.

సుభాషిణి ఏడవలేదు. చెంప తడుముకోనూ లేదు. పేరమ్మ దూరం నుంచి అదే గమనించింది. దెబ్బ తిన్న పిల్ల ఏడవకపోతే లోపల ఇంకేదో పెద్ద దెబ్బ ఉన్నట్టు లెక్క.

* * *

పొద్దెక్కాక పాలెం పెద్ద గంగులయ్య వచ్చాడు. పేరమ్మ మొగుడు ముత్యాలయ్య తాటాకు పందిరి కింద వల బాగుచేస్తున్నాడు. కొడుకు పోయిన రోజు నుంచి అతను సముద్రం మీదికి పోలేదు. పట్టుకున్న వల అదే. బాగుచేసిన చోటే విప్పి మళ్ళీ బాగుచేస్తున్నాడని ఊరంతా అనుకుంటున్నారు.

"ముత్యాలూ, నీ కూతురు పరుగుకి మా ఇంటామె మంచమెక్కింది. ఆమె దిగేదాకా నాకు కూడు లేదు. నా కడుపు మంట కోసమైనా ఒక మాట వినుకోండి" అన్నాడు గంగులయ్య. నవ్వించబోయాడు. ఎవరూ నవ్వకపోయేసరికి అసలు విషయానికి వచ్చాడు. "ఊరి జనం మాట చెప్తా ఉండా. రోడ్డుంది, కాలేజీలో గ్రౌండుంది. ఎక్కడైనా పరిగెత్తుకోనీ. ఒడ్డున మాత్రం వద్దు. వారంలో ఇది మూడోసారంట. పోయేటప్పుడు ఊరు దాటి మొదలుపెట్టి, వచ్చేటప్పుడు ఊరి ముందే నడకకు దిగేదంట గాబట్టి ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలా. సముద్రం మీద మగోళ్ళున్న ఇళ్ళు గదా ఇవి."

"సరే మామా. నేను చూసుకుంటా" అంది పేరమ్మ.

ఆయన వెళ్ళగానే సుభాషిణిని ముందు నిలబెట్టింది.

"రోడ్డు మీద పరిగెత్తు. నేనేమన్నా కాదంటినా?"

"రోడ్డు మీద వద్దమ్మా."

"ఏం? రోడ్డు కాళ్ళకు గుచ్చుకుంటాదా?"

"ఒడ్డునే పోవాల."

"ఎందుకే?"

ఆ పిల్ల పెదవి కొరుక్కుని నేలకేసి చూసింది. పేరమ్మ రెట్టించి అడగలేదు. బేరంలో కొన్నిసార్లు ఎదుటివాడు ధర చెప్పకుండా ఉంటేనే మేలు. చెబితే మోయలేనంత ఉంటుందని భయం.

సముద్రం ఒక గడప తొక్కిందంటే రెండోసారి దారి అడగదని ఆ ఊళ్ళో అంటారు. ముఖేష్ పోయాక పేరమ్మకు ఆ మాట చెవిలో దూరిన చీమలా తయారైంది. చెంబు కింద పడినా, కుక్క మొరిగినా, ముందు కూతురు ఎక్కడుందో చూసుకునేది. పంపు దగ్గరికి వెళితే పది లెక్కపెట్టి కేకేసేది. రెండుండగా ఒకటి పోతే మిగిలింది ఒకటి అని చిన్నపిల్లలు చెబుతారు. తల్లి లెక్కలో అట్లా ఉండదు. రెండుండగా ఒకటి పోతే మిగిలిన ఒకటీ పోబోతున్నట్టే.

రెండు రోజుల తర్వాత కాలేజీలో ఆటలు నేర్పే పీడీ గిరిబాబు మోటారు సైకిలు మీద వచ్చాడు. సుభాషిణి ఇంట్లో లేదు, పంపు దగ్గరికి పోయింది. ఆయన మంచం మీద కూర్చోకుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

"అమ్మా, మీ పాప మొన్న కాలేజీలో పది కిలోమీటర్లు పరిగెత్తింది. రెండేళ్ళ నుంచి నా దగ్గర నేర్చుకుంటున్న మగపిల్లలు వెనకబడిపోయారు. వచ్చే నెల నెల్లూరులో జిల్లా జట్టుకు ఎంపికలున్నాయి. మీరు ఊ అంటే నేనే దగ్గరుండి తీసుకెళతాను. మా ఆవిడ కూడా వస్తుంది."

"సార్, మీకు గెలుపు కనపడతా ఉంది. నాకు పోగొట్టుకునేది కనపడతా ఉంది" అంది పేరమ్మ. "ఉండేది ఒక్క బిడ్డ. దాన్ని నేను గడప దాటించలేను. కోపం చేసుకోవద్దు."

గిరిబాబు తల ఊపాడు. వెళ్ళబోతూ, "ఒక్క విషయం అడుగుతాను. ఈ పాపకు పరుగు ఎవరు నేర్పారు?" అన్నాడు.

"ఎవరు నేర్పుతారు? ఎవరూ లేరు."

"ఒక అలవాటుందమ్మా. ఎంత చెప్పినా పోవడం లేదు. పరిగెత్తేటప్పుడు ముందుకు చూడదు. మెడ తిప్పి ఎడమ పక్కన నేల మీదికే చూస్తుంది. గ్రౌండులో ఎడమ పక్క ఏముంటుంది, ఖాళీ గడ్డి. అయినా అటే చూస్తుంది. ఏదో పారేసుకున్నట్టు."

ఆయన వెళ్ళిపోయాడు. పేరమ్మ చేపల బుట్ట ముందు అలాగే కూర్చుండిపోయింది. పాలెం నుంచి ఒడ్డు వెంబడి దక్షిణానికి పోతే ఎడమ పక్కన ఉండేది సముద్రం.

నా బిడ్డ రోజూ సముద్రాన్ని చూస్తూ పరిగెత్తుతోంది. ఎందుకు? అన్న పోయిన నీళ్ళు పిలుస్తున్నాయా? ఈ ఆలోచన రాగానే పేరమ్మ చేతిలోని చేప జారి మట్టిలో పడింది. ఆమె దాన్ని తియ్యలేదు.

* * *

మర్నాడు తెల్లవారి ఆమె లేచేసరికి కూతురి చాప ఖాళీగా ఉంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. పేరమ్మ మొగుణ్ణి కుదిపి లేపింది.

"బిడ్డ ఏదయ్యా?"

"పోయుంటాది. వస్తాది."

"నీకు తెలుసా?"

"రోజూ పోతాది గదా."

"ఎక్కడికి?"

ముత్యాలయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. "నేను అడగలా. అడిగితే చెప్తాదని భయం."

పేరమ్మ ఒడ్డుకు వచ్చింది. వెలుతురు అప్పుడే పలచగా పడుతోంది. సముద్రానికీ ఆకాశానికీ మధ్య గీత ఇంకా తేలలేదు. ఊరి చివరి గుడిసె దాటాక తడి ఇసక మీద జాడలు దొరికాయి. నడక అడుగులు కొంత దూరం, తర్వాత దూరం దూరంగా పడ్డ పరుగు అడుగులు. మడమ లోతుగా దిగలేదు, వేళ్ళే గుచ్చుకున్నాయి. ఎప్పుడూ అలకు రెండు మూరల దూరంలోనే ఉన్నాయి. పేరమ్మ వాటి వెంబడి నడిచింది. అక్కడక్కడా జాడ ఆగి ఉంది. ఆగిన చోట నాచు కుప్పనో, తెగిన వల ముక్కనో చేత్తో కెలికిన గుర్తులు. మళ్ళీ పరుగు. మళ్ళీ ఆగడం. ఒకచోట పీతలు సగం తిన్న తాబేలు, దాని పక్కన మోకాళ్ళు ఆనిన రెండు గుంటలు.

మూడు మైళ్ళు అట్లా పోయింది. సరుగుడు తోటలు పలచబడి, ఏరు సముద్రంలో కలిసే మొగ దూరంగా కనపడుతున్న చోట, జాడలు ఎడమకు తిరిగాయి. తిరిగి సీదాగా నీళ్ళలోకి పోయాయి. బయటికి రాలేదు.

పేరమ్మ అటూ ఇటూ చూసింది. ముందు ఇసక నున్నగా ఉంది. వెనక తన అడుగులు తప్ప ఏవీ లేవు. అల వచ్చి ఆఖరి అడుగును సగం చెరిపేసింది. ఇంకో అల వస్తే మిగిలిన సగమూ ఉండదు.

"సుభా!"

కేకను గాలి మింగేసింది. నలభై ఆరేళ్ళ జీవితంలో ఆమె ఒడ్డున ఎప్పుడూ పరిగెత్తలేదు. ఇప్పుడు పరిగెత్తింది. చీర కాళ్ళకు చుట్టుకుంటే కుచ్చిళ్ళు పైకి దోపుకుని పరిగెత్తింది. ఊపిరి అందక పడింది. లేచింది. మళ్ళీ పరిగెత్తింది. సరుగుడు తోటలో పుల్లలు ఏరుకుంటున్న పాలెం ఆడవాళ్ళు ఆమెను చూశారు. పేరమ్మ పరిగెత్తుతోంది! గంపలు అక్కడే వదిలేసి ఒకామె ఊరికి ఫోను చేస్తుంటే మిగతావాళ్ళు అరుచుకుంటూ ఆమె వెనకపడ్డారు.

మొగ దగ్గర ఇసక తిప్ప అవతల, నడుము లోతు నీళ్ళలోంచి సుభాషిణి బయటికొస్తోంది. తలా ఒళ్ళూ తడిసి ముద్దయి ఉంది. రెండు చేతుల్లో ఏదో పట్టుకుని ఉంది. తల్లిని చూసి అది వీపు వెనక దాచుకుంది.

పేరమ్మ ఆ పిల్లను చేరి రెండు చేతులతో వీపు మీద బాదింది. తలమీద, భుజాలమీద, చెయ్యి ఎక్కడ తగిలితే అక్కడ.

"చస్తావే? నువ్వు గూడా చస్తావా? చెప్పి చావు! నన్ను ముందు తోసి పో!"

"అమ్మా, చచ్చేదానికి కాదు!"

"మరి నీళ్ళలోకి ఎందుకు పోయినావే?"

"కొట్టుకొచ్చింది, అలమీద... నీలంగా ఉండింది. ఇంకొంచెం ఉంటే లోపలికి పోయేదమ్మా. అందుకని దిగి ఈదినా."

"ఏంది కొట్టుకొచ్చింది? చూపించు."

సుభాషిణి చెయ్యి ముందుకు చాపింది. నీలం గుడ్డ ముక్క. అంచులు పీలికలై, నాచు పట్టి, ఎవరిదో ఎప్పటిదో తెలియకుండా ఉంది.

"ఇది అన్నది కాదు. దగ్గరికి పోయినాక తెలిసింది. అన్న చొక్కాకు తెల్ల గీతలుంటాయి" అంది. పళ్ళు కటకటమంటున్నాయి. "నువ్వు చెప్పినావు గదమ్మా."

"నేనేం చెప్పినానే?"

"పదకొండో రోజు గంగులయ్య తాత వచ్చి దర్భతో బొమ్మ చేసి కర్మ చేద్దామంటే... నువ్వు ఆయన్ను వాకిట్లోంచి తరిమినావు. గడ్డిబొమ్మకు నా కొడుకు పేరు పెట్టనీను, నా బిడ్డ ఒంటిమీది గుడ్డ ముక్కయినా తెచ్చి చూపించండి, అప్పుడు ఏడస్తా అన్నావు. ఆ పొద్దు నుంచి నువ్వు ఏడవలా. నాయన పదిహేను రోజులు ఈ ఒడ్డంతా నడిచినాడు. ఆ తర్వాత ఆయన కాళ్ళు రాలేదు. అందుకని నేను పోతా ఉండా."

ఒడ్డున గుడ్డ ముక్క కొట్టుకొస్తే అది తమవాడిదేనని గుర్తుపట్టి కర్మ చేసుకోవడం ఆ పాలెంలో ఉంది. శవం దొరకనివాళ్ళకు అదే శవం. అది దొరకకపోతే గడ్డిబొమ్మ. పేరమ్మ రెండోదానికి ఒప్పుకోలేదు. ఇంట్లో వినేవాళ్ళు ఇంకొకరున్నారని ఆ రోజు ఆమెకు తోచలేదు. నోటి నుంచి ఒక మాట వదిలింది. దాని మూల్యం మూడు నెలలుగా ఈ పిల్ల కాళ్ళు చెల్లిస్తున్నాయి.

"నడిచి పోతే కాలేజీకి టైము చాలదమ్మా. అందుకని పరిగెత్తినా" అని సుభాషిణి చెప్పుకుపోతోంది. కట్ట తెగినట్టుగా ఉంది. "మొదట్లో తోట దాకా పోయేసరికే ఊపిరాడేది కాదు. తర్వాత రోజురోజుకీ ఇంకొంచెం దూరం, ఇంకొంచెం దూరం. పోయేటప్పుడు ఎంత భయమో నీకు తెలవదు. దూరంగా నల్లగా ఏదన్నా కనపడితే కాళ్ళు వెనక్కి లాగేవి. కుక్కలు దేనిచుట్టన్నా మూగుంటే... అప్పుడు గూడా పోయి చూసేదాన్ని. నేను చూడకపోతే నువ్వు చూడాల్సొస్తాదని."

ఆమె సరుగుడు తోట అంచుకు వెళ్ళి, చెట్టు మొదట్లో ఇసక తవ్వి ఒక ప్లాస్టిక్ సంచి తీసింది. విప్పి తల్లి ముందు పరిచింది. గుడ్డ ముక్కలు. ఇరవయ్యో, ముప్ఫయ్యో. కొన్ని నీలం, కొన్ని నీలంలా ఉన్నవి. అన్నీ మంచినీళ్ళలో ఉతికి ఆరబెట్టి మడతలు పెట్టి ఉన్నాయి.

"ఇవేవీ అన్నవి కావు. అయినా ఎవురో ఒకరివి గదా. పారేయలేకపోయినా."

అప్పటికి దొరికిన బండ్లెక్కి ఊరు ఊరంతా వచ్చేసింది. మగ్దలీనమ్మ, చెంగయ్య, వెనకాల కర్ర పట్టుకుని గంగులయ్య, అందరికంటే చివర చొక్కా లేకుండా ముత్యాలయ్య. కేకలు వేసుకుంటూ వచ్చినవాళ్ళు ఆ మడతలు చూసి నిలబడిపోయారు. చెంగయ్య తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

పేరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో గుడ్డా తీసి చూసింది. సంతలో సరుకు చూసినంత శ్రద్ధగా, తిప్పి తిప్పి చూసింది. చివరి ముక్క కింద పెట్టి, "మామా" అంది.

"చెప్పమ్మా."

"దర్భ తెప్పించండి."

* * *

మర్నాడు కర్మ జరిగింది. ముత్యాలయ్య నిప్పు పెట్టాడు. గడ్డిబొమ్మ మీద సుభాషిణి తన గుడ్డ ముక్కలన్నీ పేర్చింది. అవి ముందు పొగ చిమ్మి, ఆ తర్వాత ఒక్కసారిగా అంటుకున్నాయి. పేరమ్మ మూడు నెలల ఏడుపూ ఆ రోజు ఏడ్చింది. పాలెంలో అందరూ ఒకే మాట అనుకున్నారు: ఇంక ఆ ఇంటికి భయం తీరింది.

తీరలేదు. దారి మార్చుకుంది.

కర్మ అయిన మర్నాటి నుంచి సుభాషిణి చాప మీంచి లేవలేదు. జ్వరం లేదు. డాక్టరు చూసి బలానికి మాత్రలిచ్చాడు. కాలేజీకి పోనంది. అన్నం ముందు పెడితే నాలుగు మెతుకులు కలిపి చెయ్యి కడిగేది. తెల్లవారుజామున మెలకువగానే ఉండేది, కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తూ. ఎనిమిదో రోజుకు బుగ్గ ఎముకలు బయటికొచ్చాయి. పేరమ్మ ఆ పూట మనసు గట్టి చేసుకుని, కూతురి కళ్ళలోకి చూసింది. మూడు నెలల్లో మొదటిసారి. అవి ఒడ్డున పడిన చేప కళ్ళు. తెల్లగా మసకబారుతున్నాయి.

నీళ్ళలో పోతుందని భయపడ్డాను. ఇంట్లో, నా చాప మీదే పోతోంది.

తూకంలో తాను ఎక్కడ పొరపడిందో అప్పుడు పేరమ్మకు తెలిసింది. వెతుకులాట ఒక్కటే తక్కెట్లో ఉందనుకుని చితిలో పడేసింది. అదే పళ్ళెంలో బిడ్డ ఊపిరీ ఉంది. రెండూ కలిసే పోయాయి.

"లెయ్యి" అంది కూతురి పక్కన కూర్చుని.

"ఎందుకు?"

"పరిగెత్తు. రేపు తెల్లారి పో."

సుభాషిణి అమ్మ ముఖంలోకి అర్థం కానట్టు చూసింది. "ఇంక వెతికేదానికి ఏముందమ్మా?"

"ఏమీ లేదు."

"మరి?"

ముత్యాలయ్య గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు.

"నువ్వు పోయేది వాడికోసమే, సరే" అంది పేరమ్మ. "రోజూ అంత దూరం పోయి వచ్చేదానివి గదా. వచ్చేటప్పుడు ఎట్టుండేది? అది చెప్పలేదే నాకు."

పిల్ల చాప అంచు పీకుతూ చెప్పింది.

"వచ్చేటప్పుడు ఏమీ ఉండదమ్మా. ఊపిరీ కాళ్ళూ తప్ప ఇంకేమీ ఉండదు. అన్న పోయినట్టే గుర్తుండదు. ఊరు కనపడినాక గుర్తొస్తాది. అది... అది తప్పు గదా? ఆయన కోసమని పోయి ఆయన్ను మరిచిపోవడం?"

ఇన్నాళ్ళూ ఆ పిల్లను తినేస్తున్నది ఏదో పేరమ్మకు కనపడింది. ఆమె కూతురి తల ఒళ్ళోకి లాక్కుంది.

"పిచ్చిదానా! పోయేటప్పుడు వాడికోసం పోయినావు. వచ్చేటప్పుడు నాకోసం, మీ నాయన కోసం వచ్చినావు. తిరిగి రావడం తప్పయితే నేనెవురి ముఖం చూసి బతకాల?"

సుభాషిణి అప్పుడు ఏడ్చింది. మగ్దలీనమ్మ కొట్టినప్పుడు రానిదీ, చితి దగ్గర రానిదీ, అంతా కలిపి అమ్మ ఒళ్ళో ఏడ్చింది. ముత్యాలయ్య లోపలికొచ్చి, ఏం చేయాలో తెలియక, కూతురి పాదాలు రెండూ పట్టుకుని కూర్చున్నాడు.

"నేను ఆపేసినా తల్లీ. నువ్వు ఆపొద్దు" అన్నాడు. మూడు నెలల్లో అతను అంత గట్టిగా మాట్లాడటం అదే.

ఆ సాయంత్రం పేరమ్మ ఇల్లిల్లూ తిరిగింది. సముద్రం మీద మగవాళ్ళున్న ఏ ఇంటినీ వదల్లేదు.

"రేపు తెల్లారి ఒడ్డున కాళ్ళ చప్పుడు వినపడతాది. అది మా సుభ. బయటికి రావద్దు, భయపడొద్దు" అని ప్రతి గుమ్మంలోనూ ఒకే మాట చెప్పింది.

గంగులయ్య గడ్డం గోక్కున్నాడు. "చెప్పినావు, బాగానే ఉంది. నిజంగా కబురు మోసుకొచ్చేవాడు పరిగెత్తితే ఎట్టా తెలియాల?"

జవాబు లేని చోట ఉన్నట్టు బుకాయించే మనిషి కాదు పేరమ్మ. "తెలవదు మామా. రెండింటికీ చప్పుడు ఒకటే."

లోపల్నుంచి గంగులయ్య పెళ్ళాం గొంతు వినిపించింది. "ఆ పిల్లను ఊరు దగ్గరికొచ్చేటప్పుడు గట్టిగా 'అత్తో, నేను!' అని అరవమను. నాకు చెవుడు. రెండుసార్లు అరవమను."

* * *

మర్నాడు మంచు దట్టంగా ఉంది. తల్లి కళ్ళెదుటే సుభాషిణి జడ నడినెత్తిన ముడేసుకుని, వాకిలి దాటి, మంచులో కలిసిపోయింది. పేరమ్మ గుమ్మంలోనే నిలబడింది. తానే పంపింది. పంపినంత మాత్రాన భయం పోతుందా? వెళ్ళి చూద్దామా అని రెండుసార్లు కాలు బయటపెట్టి రెండుసార్లూ వెనక్కి తీసుకుంది.

సూర్యుడు వచ్చాడు. మంచు ఇంకా విడలేదు. తర్వాత చప్పుడు.

అదే చప్పుడు. అంతా తెలిసి కూడా ఆమె గుమ్మాన్ని గట్టిగా పట్టుకుంది. ఎదురింటి తలుపు కాస్త తెరుచుకుని ఆగింది. మగ్దలీనమ్మ చేతిలో టీ గిన్నె పట్టుకుని కదలకుండా నిలబడింది.

"అత్తో, నేను!" అని మంచులోంచి కేక వచ్చింది. "అత్తో, నేనే!"

"ఇనపడిందిలేవే, చెవులు పగిలినాయి!" అని మగ్దలీనమ్మ అరిచింది. అరిచి కళ్ళు తుడుచుకుంది.

సుభాషిణి వాకిట్లోకి వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని వంగింది. ముఖం ఎర్రగా కందింది. చెమట గడ్డం మీంచి ఇసకలోకి కారుతోంది.

"అమ్మా, తినేదానికి ఏముంది?"

రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచింది పేరమ్మ. ఉల్లిపాయ కోసి, ఎండు నెత్తళ్ళు నిప్పుల మీద కాల్చి పక్కన పెట్టింది. పిల్ల పీట కూడా వేసుకోకుండా నేల మీద కూర్చుని తినసాగింది. గిన్నె ఖాళీ చేసి ముందుకు తోసింది. పేరమ్మ మళ్ళీ పెట్టింది. అదీ అయిపోయింది. మూడోసారి గరిటె పెడితే కుండ అడుగు గీరుకుంది.

ఆ ఇంట్లో ముఖేష్ పోయాక అన్నం చాలకపోవడం అదే మొదలు.

"ఉండు" అంది పేరమ్మ. కొంగుతో ముఖం తుడుచుకుని, బియ్యం కడిగి, మళ్ళీ పొయ్యి వెలిగించింది.